శ్రీకాకుళంలో ఒక సంఘం, దాని యూత్, దాని బియ్యం డబ్బా: సమీక్ష

డిసెంబరులో చూసి ఏ చర్చి సంఘం యూత్‌నీ మెచ్చేసుకోకండి. హైదరాబాదు, చెన్నై, విశాఖలకు చదువులకీ పనులకీ వెళ్లిన పిల్లలంతా క్రిస్మస్‌కి ఊరొస్తారు. చర్చి కిటకిటలాడుతుంది, పాటకి గొంతులు సరిపోతాయి, కుర్చీలు చాలవు. సంక్రాంతి అయిపోయి, కనుమ మర్నాడు ఆమదాలవలస స్టేషన్లో అందరూ రైళ్లెక్కేశాక మిగిలినవాళ్లే అసలు యూత్. ఫిబ్రవరి రెండో ఆదివారం సాయంత్రం వెళ్లి వెనక వరసలో కూర్చోండి. పన్నెండు మంది కనబడితే ఆ సంఘంలో యూత్ బతికున్నట్టే. నలుగురే ఉండి, అందులో ఇద్దరు పాస్టరుగారి పిల్లలైతే క్రిస్మస్ ఫోటోలు ఎంత బాగున్నా లాభం లేదు.

ఇక్కడ సమీక్షిస్తున్నది పట్నంలో సుమారు 120 కుటుంబాలున్న ఒక పాత బాప్టిస్టు సంఘం. పేరు రాయడం లేదు, ఎందుకంటే తిట్టాల్సినవి కొన్ని ఉన్నాయి, ఆ తిట్లు పక్క సంఘాలకీ అంతే సరిపోతాయి. చూసినవి నాలుగు: యూత్ కూడిక, స్త్రీల సమాజం, సండే స్కూలు, పురుషుల సమాజం. ట్రాన్స్‌ఫర్ మీద కొత్తగా ఊళ్లోకి వచ్చినవాళ్లు, ఇంట్లో పదో తరగతి, ఇంటర్ పిల్లలున్నవాళ్లు చదువుకోవడానికి పనికొస్తుందని రాస్తున్నాం. ఆదివారం ఆరాధన ఎలా ఉంది, ప్రసంగం ఎంతసేపు అన్నది ఈ సమీక్షలో విషయం కాదు.

యూత్ కూడిక ఆదివారం సాయంత్రం 6:30కి. కాగితం మీద గంటన్నర. మూడు పాటలు, ప్రార్థన, ఇరవై నిమిషాల వాక్యం, దాని మీద మాట్లాడుకోవడం, ఆఖరున ప్రకటనలు. చందా నెలకి 20 రూపాయలు. ప్రెసిడెంటు, సెక్రటరీ, ట్రెజరర్ ముగ్గుర్నీ జనవరిలో ఎన్నుకుంటారు. ఇంతవరకూ ఏ సంఘంలోనైనా ఇంతే. ఎక్కడ తేడా వస్తుందంటే, ఎన్నుకున్న ఆ ముగ్గురి చేతిలో నిజంగా ఏముంది అన్న దగ్గర. చాలాచోట్ల ట్రెజరర్ అనేవాడికి లెక్కల పుస్తకం ఉండదు, సెక్రటరీకి తాళంచెవి ఉండదు. కుర్చీలు మోయడం, మైకు కట్టడం, పండగనాడు వడ్డించడం మాత్రం ఉంటాయి. అడిగితే పెద్దల దగ్గర జవాబు తయారుగా ఉంటుంది: "మీకేటి తెలుసురా గుంటలూ, డబ్బుల యవారం పెద్దోలు సూసుకుంతారు." ఆ మాట విన్న కుర్రాడు మర్నాటి ఆదివారం వస్తాడు, ఆ పై ఆదివారం క్రికెట్‌కి పోతాడు.

మేం చూసిన సంఘం ఇందులో మెరుగు. మూడేళ్లుగా యూత్ లెక్క యూత్ దగ్గరే ఉంది. పక్క గది తాళంచెవులు రెండు, ఒకటి వాచ్‌మన్ దగ్గర, ఒకటి సెక్రటరీ దగ్గర. చూడటానికి చిన్న విషయమే. కానీ తాళం తియ్యాల్సినవాడు తానే అయినప్పుడు 6:15కే వస్తాడు. తాను వచ్చాడు కాబట్టి ఇంకో ముగ్గురికి ఫోన్ చేస్తాడు.

హాజరు పట్టీ కూడా బాగుంది. రెండు పట్టీలు పెట్టారు: ఊళ్లో ఉన్నవాళ్లది ఒకటి, బయటికి వెళ్లినవాళ్లది ఒకటి. ఈ జిల్లాలో ఇది తప్పనిసరి. ఒకే పట్టీ అయితే 70 పేర్లుంటాయి, వచ్చేది 15 మంది. పేర్లు పిలుస్తుంటే శ్మశానంలో రాళ్లు చదివినట్టుంటుంది, రెండు నెలలకి పిలవడం మానేస్తారు. రెండు చేస్తే 22లో 15 అని తెలుస్తుంది, రాని ఏడుగురు ఎవరో కూడా తెలుస్తుంది. బయట ఉన్నవాళ్ల పట్టీ చూసుకుని నెలకొకసారి ఒక్కొక్కరికి ఫోన్ చేస్తారు. వాట్సాప్ గ్రూపులో వచనం పెట్టి ఊరుకోవడం ఫోన్ కింద లెక్క కాదని వాళ్లే నియమం పెట్టుకున్నారు, మంచి పని చేశారు.

ఇది కొత్త ఆలోచనేం కాదు. 1881లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే పాస్టరు క్రిస్టియన్ ఎండీవర్ (సి.ఇ.) అనే యువజన సంఘం మొదలుపెట్టినప్పుడే నెలకొకసారి పేర్లు పిలిచేవారు, పిలిచినప్పుడు ఒక్కొక్కరూ ఒక వచనమో ఒక మాటో చెప్పాలి. రానివాళ్లని వెతకడానికి లుకౌట్ కమిటీ అని వేరే ఉండేది. మన దగ్గర సి.ఇ. అన్న రెండక్షరాలు మిగిలిన చోట్ల కూడా ఆ కమిటీ మిగల్లేదు. అందులో అన్నిటికన్నా పనికొచ్చేది అదే.

యూదుల సమాజమందిరాల్లో దీన్ని ఇంకా గట్టిగా కట్టారు. పదిమంది లేనిదే కొన్ని ప్రార్థనలు చెయ్యరు, ఆ పదిమందినీ మిన్యాన్ అంటారు. పదమూడేళ్లు నిండిన కుర్రాడు బార్ మిత్స్వా, అంటే మత బాధ్యతలు మోసే వయసువాడు, అయ్యాక ఆ పదిలో ఒకడు. సంప్రదాయ శాఖలో మగవాళ్లనే లెక్కపెడతారు, సంస్కరణ శాఖల్లో ఆడపిల్లల్నీ లెక్కపెడతారు. చలికాలం పొద్దున్న తొమ్మిది మందే వచ్చి కూర్చుంటే ఎనిమిదో తరగతి కుర్రాణ్ని లేపి తీసుకురావాల్సిందే, వాడొస్తేనే ప్రార్థన. అంతమాత్రాన అక్కడ జబ్బు లేదని కాదు. బార్ మిత్స్వా విందు అయ్యాక పిల్లలు మొహం చూపించరన్నది వాళ్ల పెద్దల పాత గోడు, మన దగ్గర బాప్తిస్మం అయ్యాక మాయమైనట్టే. 1924లో అమెరికాలోని ఒమాహాలో మొదలైన ఎ.జెడ్.ఎ. అనే యూదు కుర్రాళ్ల సంఘంలో మాత్రం పదవులన్నీ కుర్రాళ్లవే, ప్రెసిడెంటుని ఆలెఫ్ గోడోల్ అంటారు. ఆడపిల్లలకి బి.బి.జి. అనే సంఘం 1944లో వచ్చింది. పెద్దవాళ్లు సలహాదారులుగా ఉంటారు, కుర్చీలో కూర్చోరు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనే ఎఫ్రాయిం యూదులున్నారు కాబట్టి ఈ సంగతులు మనకి మరీ సముద్రాల అవతలివి కావు.

ఇక క్యారల్స్. ఏ యూత్‌కైనా అసలు పరీక్ష ఇదే, ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే.

120 ఇళ్లు, డిసెంబరు 11 నుంచి 22 దాకా 12 రాత్రులు, రాత్రికి 10 ఇళ్లు. ఇంటికి 12 నిమిషాలు: రెండు పాటలు, చిన్న ప్రార్థన, క్రిస్మస్ తాత పిల్లలకి చాక్లెట్లు పంచడం, కానుక కవరు. అంటే రెండు గంటలు, నడకతో కలిపి మూడు. 7కి బయల్దేరితే 10కి ముగియాలి. ముగిసి తీరాలి కూడా, ఎందుకంటే 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకరు వాడకూడదు. 7కి అని చెప్పి 8:15కి బయల్దేరే యూత్ ఆఖరి నాలుగిళ్లకి మైకు లేకుండా వెళ్లాలి, లేదా వీధివాళ్లతో మాట పడాలి. ఈ సంఘం 7:10కి కదిలింది. కారణం తెలివైనదే: మొదటి ఇల్లు ఎప్పుడూ ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరుగారిది పెడతారు, ఆయన 7:30కల్లా భోజనానికి కూర్చుంటారు.

ఆలస్యానికి మరో కారణం తిళ్లు. పదిళ్లలోనూ టీ, కేకు, జంతికలు పెడితే ఇంటికి 12 నిమిషాలు కాస్తా 25 అవుతుంది. ఐదో ఇంటికొచ్చేసరికి తినేవాడుండడు, వద్దంటే ఇంటావిడ చిన్నబుచ్చుకుంటుంది. రాత్రికి రెండిళ్లకే టిఫిను అని వారం ముందే చీటీ వేసి చెప్పాలి. వీళ్లు చెప్పారు. అయినా "మా ఇంట్లో తినకుండా ఎల్తే ఊరుకోను" అనే పెద్దమ్మలు వీధికొకరు ఉంటారు, ఆ పదినిమిషాలు లెక్కలో కలిపేసుకోవడం నయం.

ట్రాలీ స్పీకరు దగ్గర మాత్రం వీళ్లు దెబ్బతిన్నారు. మొదటి రాత్రి మూడో ఇంటి దగ్గర పాట మధ్యలో గొంతు పీలగా అయిపోయి ఆగిపోయింది. స్పీకరు బాగానే ఉంది, చచ్చింది లోపలి బ్యాటరీ. ఇలాంటి వాటిలో సాధారణంగా 12 వోల్టుల సీసపు బ్యాటరీ ఉంటుంది. జనవరిలో మూట కట్టి అటక మీద పెట్టి డిసెంబరులో దించితే, ఆ పదకొండు నెలల్లో అది తనంతట తానే ఖాళీ అయి, లోపలి పలకల మీద గట్టి పొర పట్టేస్తుంది. తరవాత రాత్రంతా చార్జింగ్ పెట్టినా పచ్చలైటు వెలుగుతుంది గానీ అరగంట కూడా నిలబడదు. నెలకొకసారి ఆరేడు గంటలు చార్జ్ చేస్తే ఈ బాధ లేదు. చార్జ్ చెయ్యాల్సినవాడి పేరు రాసి స్పీకరుకే అతికించాలి, లేకపోతే అందరి పనీ ఎవరి పనీ కాదు. కంపెనీవాళ్లు పెట్టె మీద రాసే గంటలు సగం వాల్యూముకి. వీధిలో రెండు మైకులు, కీబోర్డు తగిలించి నిండుగా పెడితే అందులో సగమే అనుకోండి. ఏడో ఇంట్లో అడిగి ఇరవై నిమిషాలు ప్లగ్గు పెట్టుకోవడంలో సిగ్గేం లేదు.

డోలక్‌ది ఇంకో కథ. డిసెంబరు మంచుకి చర్మం తేమ పీల్చి సాగిపోతుంది, తొమ్మిదయ్యేసరికి మూత బద్దలైన డబ్బా కొట్టినట్టు మోగుతుంది. తాళ్ల డోలక్ అయితే రింగులు లాగి బిగించొచ్చు, బోల్టులదైతే స్పానరు జేబులో ఉండాలి. ఇంటికీ ఇంటికీ మధ్య పాత దుప్పటి చుట్టి ఉంచితే చాలావరకు ఆగుతుంది. నిప్పు దగ్గర కాచేవాళ్లు మూరెడు దూరం ఉంచి తిప్పుతూ కాచాలి. దగ్గర పెడితే చర్మం చిట్లుతుంది, ఆ రాత్రికి అంతే సంగతులు. ఒక ముఖ్యమైన మాట: మంచు రోజుల్లో బిగించిన డోలక్‌ని ఇంటికి తెచ్చాక వదులు చెయ్యకుండా ఉంచితే, మధ్యాహ్నం ఎండకి చర్మం ఆరిపోయి దానంతటదే చీలుతుంది.

కానుక కవర్ల లెక్కలో ఈ సంఘానికి నిండు మార్కులు. ప్రతి కవరు మీద ఇంటి పేరు రాస్తారు. ఆ రాత్రి ఆఖరి ఇంటి అరుగు మీదే, వేరువేరు కుటుంబాల కుర్రాళ్లిద్దరు లెక్కపెట్టి పుస్తకంలో ఎక్కిస్తారు, ఆ ఇంటి పెద్దాయన సంతకం పెడతాడు. పుస్తకం ఫోటో గ్రూపులో పడుతుంది. మర్నాడు లెక్కపెడదాం అన్నారా, గొడవకి విత్తనం పడ్డట్టే. దొంగతనం జరుగుతుందని కాదు, ఏదో ఒక ఇంటావిడ "మేం ఐదొందలిచ్చాం, రెండొందలు రాశారు" అంటుంది, చూపించడానికి ఏమీ ఉండదు.

లోపం ఒకటుంది, చెప్పాలి. ఫోన్‌పే, గూగుల్‌పేల కోసం పెట్టిన క్యూఆర్ కోడ్ అప్పటి సెక్రటరీ సొంత ఖాతాది. అతని జీతం, అతని బైకు వాయిదా, సంఘం కానుక అన్నీ ఒకే గంగాళంలో పడ్డాయి. ఏప్రిల్లో ఉద్యోగం వచ్చి హైదరాబాదు వెళ్లిపోయాక లెక్క తేలడానికి ఐదు నెలలు పట్టింది. డబ్బు పైసాతో సహా వచ్చింది, కానీ ఆ ఐదు నెలలూ ఆ అబ్బాయి తల్లి చర్చికొచ్చి ఎవరి మొహమూ చూడలేకపోయింది. యూత్ పేరున ఇద్దరి సంతకాలతో బ్యాంకు ఖాతా తెరవాలి. దానికి సంఘ కమిటీ తీర్మానం కాగితం కావాలి, కాగితానికి పెద్దలు సంతకం పెట్టాలి. పెద్దల నమ్మకం లేకపోతే కుర్రాళ్లు అడ్డదారి వెతుక్కుంటారు, ఆ అడ్డదారిలో ఇరుక్కునేది కుర్రాళ్లే.

ఆడపిల్లలున్న ఇళ్లవాళ్లకి ఒక మాట. ఇంటర్‌లో చేరాక అమ్మాయిల్ని యూత్‌కి పంపడం మానేస్తే భక్తి తగ్గిందని పెద్దలు నిట్టూరుస్తారు. అసలు కారణం చర్చి వెనక సందులో లైటు లేకపోవడం, కూడిక 8కి అని 8:40 దాకా సాగడం. ఈ సంఘంలో సందు లైటు వేశారు, సమయం మాత్రం ఇంకా సాగుతూనే ఉంది. రెసిడెన్షియల్ కాలేజీల్లో ఆదివారం కూడా పరీక్షలుంటాయి కాబట్టి ఇంటర్ పిల్లలు నెలకి రెండు వారాలొస్తే ఎక్కువ అనుకోవాలి. మార్చి నెలంతా కూడికని ముప్పావుగంటకి కుదించి పరీక్షల కోసం ప్రార్థించి పంపించేస్తారు, అది మాత్రం బాగుంది.

స్త్రీల సమాజం గురువారం మధ్యాహ్నం 3కి. దీని బలమంతా పిడికెడు బియ్యంలో ఉంది. తెలియనివాళ్లకి: పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఆ పూట బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు, నెలాఖరున తెచ్చి సమాజానికి ఇస్తారు. పిడికెడు అంటే సుమారు 40 గ్రాములు. రెండు పూటలా వేస్తే రోజుకి 80, నెలకి 2 కిలోల 400 గ్రాములు. క్రమంగా తెచ్చే ఇళ్లు 40 ఉంటే నెలకి 96 కిలోలు, దాదాపు క్వింటా. ఎవరికీ బరువు అనిపించకుండా క్వింటా బియ్యం కూడే పద్ధతి ఇంతకన్నా ఇంకోటి లేదు.

చిక్కు బియ్యం కలిసిపోవడంలో ఉంది. ఒకరు సోనా మసూరి, ఒకరు రేషన్ బియ్యం, ఒకరు ఇంట్లో పండిన కొత్తబియ్యం తెస్తారు. మూడూ ఒకే గోనెలో పోస్తే ఆ బియ్యం ఎవరికీ సరిగ్గా ఉడకవు. కొత్తబియ్యం ముద్దయ్యే నీళ్లకి పాతబియ్యం పలుకుగానే ఉంటుంది. ముసలివాళ్లకి, వితంతువులకి పంచే బియ్యం అలా ఉంటే పుణ్యం కాస్తా సణుగుడు అవుతుంది. ఈ సంఘంలో మూడు డబ్బాలు పెట్టారు, మూతల మీద రంగు వేశారు: తెలుపు సన్నబియ్యం, ఎరుపు రేషన్‌వి, ఆకుపచ్చ కొత్తవి. తెచ్చినావిడ తన చేత్తోనే ఏ డబ్బాలోదో అందులో పోస్తుంది. రేషన్ బియ్యం తెచ్చినవాళ్లు అందరి ముందూ ఎరుపు డబ్బా తియ్యడానికి మొహమాటపడుతున్నారని గమనించి డబ్బాల్ని గుమ్మం పక్క నుంచి వంటగదిలోకి మార్చారట. ఆ ఆలోచన ఎవరిదోగానీ ఆవిడకి దండం పెట్టాలి. పురుగు పట్టకుండా ఎండిన వేపాకు, ఎండుమిరపకాయలు చాలు. డబ్బా అడుగున పాత బియ్యం మిగలకుండా ఎప్పటికప్పుడు దులపడం మరవకూడదు, పురుగు అక్కణ్నుంచే వస్తుంది.

మిగిలిన బియ్యాన్ని వేలం వేసి ఆ డబ్బు వాడుకుంటారు. ఇక్కడ మా సలహా ఒక్కటే: సెప్టెంబరు నుంచి నవంబరు దాకా వేలం ఆపండి, కనీసం ఒక క్వింటా నిలవ ఉంచండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి, ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు డబ్బున్నా కొట్లు తెరిచి ఉండవు. గదిలో బియ్యం ఉంటే మర్నాడే గంజి కాయొచ్చు. క్వింటాతోపాటు పది కిలోల కందిపప్పు, ఉప్పు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు ప్లాస్టిక్ డ్రమ్ములో పెట్టుకుంటే సరి.

కోతల పండుగ వేలం చూడటానికి సరదాగా ఉంటుంది: గుమ్మడికాయ, అరటిగెల, నాటుకోడి, ఉద్దానం కొబ్బరికాయలు. 50 రూపాయల గుమ్మడికాయని బావా బావమరుదులు పంతానికి 900 దాకా పాడేస్తారు. డబ్బు మాత్రం వచ్చే ఆదివారం అంటారు. ఆ వచ్చే ఆదివారం ఉగాది దాకా రాదు. డబ్బు కట్టాకే కాయ కదలాలి అన్న నియమం లేకపోవడం ఈ సంఘంలో పెద్ద వెలితి, అడిగితే "మనోళ్లే కదా" అంటారు.

స్త్రీల సమాజానికి ఇంకో ముప్పు మధ్యాహ్నం 3 గంటలే. టీచర్లు, నర్సులు, బ్యాంకులో చేసే కోడళ్లు ఆ వేళకి రాలేరు, అత్తలు మాత్రమే వస్తారు. పదేళ్లుగా అదే 25 మంది, ఒక్కొక్కరికీ పదేళ్లు పెరిగాయి. నెలకి ఒక కూడిక శనివారం సాయంత్రం 6కి మారిస్తే చాలు. ప్రెసిడెంటు పదవి ఎప్పుడూ పాస్టరమ్మగారిదే కావడం కూడా మంచిది కాదు. పాస్టరుగారికి బదిలీ అయినప్పుడల్లా సమాజం మళ్లీ ఒకటో ఎక్కం నుంచి మొదలుపెట్టాలి.

సండే స్కూలు ఉదయం 8 నుంచి 9. నాలుగు తరగతులు, టీచర్లు ఆరుగురు, పన్నెండు మందికి ఒకరు చొప్పున సరిపోతారు. ఒక టీచరు రానప్పుడు రెండు తరగతులు కలిపేస్తారు. ఐదేళ్లవాడికీ పదేళ్లవాడికీ ఒకే కథ చెబితే ఒకడికి అర్థం కాదు, ఇంకొకడు అల్లరి మొదలెడతాడు. ఇద్దరు ఇంటర్ పిల్లల్ని సహాయకులుగా పెట్టుకుంటే ఈ గండం గడుస్తుంది, యూత్‌కి పనీ దొరుకుతుంది. మేలో జరిగే వి.బి.ఎస్. (సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిలు బడి) పదిరోజులు బాగా నడుపుతారు: ఎండ ముదరకముందే 7:30కి మొదలు, 10:30కి ఆఖరు, మధ్యలో మజ్జిగ. పుస్తకాలు మొదటిరోజు హాజరు చూసి తెప్పిస్తే చాలవు. మొదటిరోజు 80 మంది, మూడోరోజుకి బిస్కెట్ల సంగతి వీధి వీధికీ పాకి 130 దాటతారు. మూడోరోజు లెక్కకి తెప్పించి, ముందు రెండు రోజులూ పాటలతో, ఆటలతో నెట్టుకురావడం మేలు. కత్తెరలు నలుగురికి ఒకటి, గమ్ము సీసాలు కాదు గమ్ము స్టిక్కులు. సీసా అంటే చాప అతుక్కుపోవడమే.

పురుషుల సమాజం గురించి రాయడానికి ఎక్కువ లేదు. ఏడాదికోసారి గోడకి సున్నం వేయిస్తారు, ఎవరైనా పోతే సమాధి తవ్వించే దగ్గర ముందుంటారు. ఆ రెండో పని ఒక్కటే చాలు, వాళ్ల మీద ఫిర్యాదు లేదు.

యూత్ పిక్నిక్ గురించి అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి కొంచెం వివరంగా. జనవరి ఆఖరి వారం కళింగపట్నం వెళ్తారు, పట్నం నుంచి సుమారు 30 కిలోమీటర్లు. 45 మందికి ఒక బస్సు. ఎనిమిది మందికి కిలో లెక్కన ఆరు కిలోల బియ్యం: నాలుగు కిలోలు ఆవ పెట్టిన పులిహోర, రెండు కిలోలు పెరుగన్నం. కోడికూర పొద్దున్నే వండి మూతపెట్టి తీసుకెళ్తే ఒంటిగంటకి తేడా కొడుతుంది, అందుకే సాయంత్రం తిరిగొచ్చాక చర్చిలో వండుతారు. నీళ్లు 20 లీటర్ల క్యాన్లు ఏడు. టీ వేళకి మురీ (మరమరాల) మిక్చరుకి ఉల్లిపాయలు, నిమ్మకాయలు విడిగా పట్టుకెళ్లి అక్కడే కలుపుతారు.

వంశధార అక్కడే సముద్రంలో కలుస్తుంది. నదీముఖం దగ్గర ఇసుక తిన్నెలు జరుగుతుంటాయి, నిన్న మోకాలి లోతున్న చోట ఇవాళ నిలువు లోతుంటుంది, లాగుడు కూడా ఎక్కువ. ఈత వచ్చినవాడే ముందు మునుగుతాడు, ఎందుకంటే వాడే లోపలికి వెళ్తాడు. వీళ్ల నియమాలు మాకు నచ్చాయి: నదీముఖం వైపు అసలు వెళ్లకూడదు, మోకాలు దాటి నీళ్లలో దిగకూడదు, నీళ్లలో ఉన్నంతసేపూ ఇద్దరు పెద్దవాళ్లు ఒడ్డున నిలబడాలి, కూర్చోకూడదు, ఫోను చూడకూడదు, అరగంటకోసారి విజిల్ వేసి తల లెక్కపెట్టాలి. లెక్కపెట్టడానికి జోడీలు కట్టారు, మన జోడీ కనబడకపోతే అరవాలి. అమ్మానాన్నల సంతకంతో కాగితం లేనివాళ్లని బస్సెక్కించలేదు, అందులో సంఘపెద్ద మనవడు కూడా ఉన్నాడు.

మొత్తం మీద యూత్‌కి ఐదుకి నాలుగు, స్త్రీల సమాజానికి నాలుగు, సండే స్కూలుకి మూడున్నర. కాస్త పాడటం వచ్చిన పిల్లలకి, లెక్కలంటే ఇష్టమున్న పిల్లలకి ఇక్కడ వెంటనే పని దొరుకుతుంది. మాటకారులు కాని పిల్లలు మొదటి నెలంతా గోడకి ఆనుకుని నిలబడతారు; వాళ్లని పలకరించే పని ఎవరికీ అప్పజెప్పలేదు. కాబట్టి పంపేటప్పుడు సెక్రటరీకి ముందే ఫోన్ చేసి, హాజరు పట్టీ రాసే పని ఒక నెల ఇప్పించమని అడగండి. పేర్లు పిలవాలంటే మొహాలు చూడాలి కదా.

వెళ్లేటప్పుడు ముందు గేటు కాదు, పక్క సందులో చిన్న గేటు. ముందు గేటు సాయంత్రం 6కే మూసేస్తారు. చెప్పులు మెట్ల కింద వదలకండి, వీధి కుక్కలు ఒకటొకటే పట్టుకుపోతున్నాయి. లోపల కిటికీ కింద బల్ల ఉంది.